దొంగ దగ్గు

తెరకు అవతలి మంచం మీద ఎవరిదో వీపు తడుతున్నారు, అరచెయ్యి దోసిలిలా వంచి, తప్ తప్ తప్ మని, తడిసిన దుప్పటిని బండమీద వేసి ఉతికినట్టు, ఆ చప్పుడు వింటూ ఇస్త్రీ అత్తయ్య ఇంకాసేపట్లో నా వంతే అనుకుంది, అనుకుని కళ్ళు మూసుకుంది, మూసుకుంటే మాత్రం వచ్చేవాళ్ళు రాకుండా ఉంటారా. మంచానికి అడ్డంగా తోసిన బల్ల మీద ఆ ప్లాస్టిక్ డబ్బా కూర్చుని ఉంది, మూడు గొట్టాలు, వాటిలో మూడు రంగుల బంతులు, పక్కనుంచి వంకర పైపు, పైపు నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి, లేచి కాసేపు అక్కడే నిలబడాలి, చూస్తే చంటిపిల్లల ఆటవస్తువే, చేస్తే తెలుస్తుంది. పెద్ద డాక్టరు ఇందాకే వచ్చి వెళ్ళాడు, ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, గుండె బాగుందమ్మా, కొత్త కవాటం చక్కగా పనిచేస్తోంది, ఊపిరితిత్తే మొండికేసింది, ఎడమవైపు అడుగుభాగం మూసుకుపోయింది, ఈ జ్వరం అందుకే, సాయంత్రం మళ్ళీ ఫిల్ము తీయిస్తాను, అప్పటికీ తెరుచుకోకపోతే గొంతులోంచి గొట్టం దింపి కఫం లాగాలి, అన్నాడు, గొట్టం అన్న మాటకు ఆమె మెడ దానంతటదే వెనక్కి పోయి దిండుకు ఆనుకుంది, డాక్టరు అది చూడలేదు, అప్పటికే పక్క మంచం దగ్గర ఇంకో ఫిల్ము ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

ఇస్త్రీ అత్తయ్య అనేది వీధి పెట్టిన పేరు. మొగుడూ మరిదీ కలిసి నడిపే లాండ్రీలో ముందుగది వాళ్ళది, గల్లాపెట్టె, చీటీలు, వచ్చిపోయేవాళ్ళతో వానల గురించీ ఎండల గురించీ కబుర్లు, వెనకగది ఈమెది, ఆవిరి, వేడి, పొడుగాటి బల్ల, కప్పునుంచి తీగతో వేలాడే బరువైన ఇస్త్రీపెట్టె, ఎంత ఇస్త్రీ చేసినా తరగని కోట్లూ చొక్కాలూ కర్టెన్లూ, పెళ్ళికొడుకుల ప్యాంట్లూ పోయినవాళ్ళ దుప్పట్లూ ఒకే బల్ల మీద. దుకాణం పైన ఇల్లు, మధ్యలో నిటారు మెట్లు, మెట్ల పైన గదిలో తుంటి విరిగి మంచం పట్టిన అత్తగారు. అత్తగారికి కాళ్ళు పోయాక ఆ బలమంతా గొంతులోకి చేరింది, పైనుంచి ఏమేవ్ అంటే ఎక్కాలి, కిందనుంచి ఆయన ఏమోయ్ అంటే దిగాలి, ఆ ఏమేవ్‌కీ ఈ ఏమోయ్‌కీ మధ్య ఇన్నేళ్ళూ నూతిలో చేదలా దిగుతూ ఎక్కుతూ ఉంది, పిల్లలు లేరు, ఉన్నవాళ్ళంతా పిల్లలే. ఎప్పుడో చిన్నతనంలో వచ్చి పోయిందనుకున్న కీళ్ళజ్వరం పోలేదట, గుండెలో ఓ మూల ముడుచుకుని కూర్చుందట, ఇప్పుడు చెప్తున్నారు, అప్పుడేం తెలుసు, మెట్ల మధ్య ఊపిరాడక ఆగిపోయేది, ఎవరైనా చూస్తే ఏదో మరిచిపోయి గుర్తు తెచ్చుకుంటున్న దానిలా మొహం పెట్టి నిలబడేది, అక్కకి మతిమరుపొచ్చేసింది అని తోటికోడలు నవ్వేది, నవ్వితే నవ్వింది, ఊపిరి అందేది కదా ఆ నవ్వేలోపు. చివరికి ఒకరోజు వేడి వేడి కర్టెన్లు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నది మళ్ళీ లేవలేకపోయింది, పైనుంచి ఏమేవ్, కిందనుంచి ఏమోయ్, రెండూ వినబడుతూనే ఉన్నాయి, జవాబు చెప్పడానికి గాలి లేదు.

ఆ తర్వాత సంగతులు ముక్కలు ముక్కలు. పైన గుండ్రటి దీపాలు, చల్లటి గది, ఎవరో నవ్వుతూ పేరేమిటమ్మా అని అడగడం, అంతే. మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం, చేతులకు మెత్తటి గుడ్డ కట్లు, ఊపిరి తను తీయడం లేదు, పక్కనున్న యంత్రం తీస్తోంది, దాని ఇష్టమొచ్చినప్పుడు లోపలికి తోస్తోంది, దాని ఇష్టమొచ్చినప్పుడు వదులుతోంది, వద్దు అనడానికి నోరు లేదు, పగవాడికి కూడా వద్దు ఆ కాసేపు. గొట్టం తీశాక మాత్రం ఒక సంగతి జరిగింది. మాస్కు కట్టుకున్న నర్సు తడి దూదితో పెదవులు తుడుస్తూ, మీరేం చెయ్యక్కర్లేదు, ఊరికే పడుకోండి, అంది. ఊరికే. పడుకోండి. ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి తనతో ఇంతవరకూ ఎవరన్నారు, ఎంత వెతికినా ఒక్క మొహం గుర్తు రాలేదు, వెతుకుతూ వెతుకుతూనే నిద్రపోయింది, అట్లాంటిట్లాంటి నిద్ర కాదు, ఎముకల్లోకి దిగిన నిద్ర. వార్డుకు మార్చాక కూడా అదే వరస, పొద్దున్నే పాలు వస్తాయి, రొట్టె వస్తుంది, తిన్న పళ్ళేన్ని ఎవరో తీసుకుపోతారు, దాన్ని ఎవరు కడుగుతారో ఆమెకు తెలీదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు, అదీ సుఖమంటే. రొమ్ముఎముక నిలువునా కోసి తీగలతో బిగించారు, కదిలితే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా ఆ నొప్పి పక్కనే ఈ సుఖం పడుకుని ఉంది, ఎవరికైనా చెప్తే సిగ్గుచేటు, గుండె కోయించుకుని సుఖపడిందట అని నవ్వుతారు.

అలాంటప్పుడు చిన్న డాక్టరు వచ్చి, ఆమెకు ఉత్సాహం కలిగిద్దామనే పాపం, ఊపిరి వ్యాయామాలు శ్రద్ధగా చేశారంటే తొందరగా ఇంటికి పంపించేస్తామమ్మా అన్నాడు. తొందరగా ఇంటికి. ఆ మాట వినగానే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది, ఆమెకు మాత్రం మెట్లు కనిపించాయి.

అక్కడ మొదలైంది. మొదట కావాలని కూడా కాదు, నొప్పిగా ఉంది కాబట్టి డబ్బాను కాస్త ఒరిగించి పీల్చింది, ఒరిగిస్తే బంతులు వాటంతటవే జారి పైకెళ్తున్నాయి, బాగుందే అనుకుంది, నర్సు దూరం నుంచి చూసి భేష్ అంది. మనిషికి మెప్పు చేదా. మర్నాటికి అది అలవాటైంది, బుగ్గలతో ఓ గుక్క లాగడం, డబ్బా వంచడం, నర్సు అటు తిరగ్గానే దుప్పటి కిందికి తోసెయ్యడం. దిండును గుండెకు హత్తుకుని గట్టిగా దగ్గమంటే అదీ అంతే, మామగారు బతికున్న రోజుల్లో వెనకగదిలోకి రాబోయే ముందు గుమ్మంలో నిలబడి ఒక దగ్గు దగ్గేవారు, కోడళ్ళు సర్దుకుంటారని, కఫమూ లేదు నొప్పీ లేదు, వట్టి కబురు, సరిగ్గా ఆ దగ్గు దగ్గేది. అసలు దగ్గు నేర్పే మనిషి సెలవులో ఉందట, ఆమె బదులు వచ్చినవాడు మంచం కాళ్ళ దగ్గరే నిలబడి చేస్తున్నారా అని అడిగేవాడు, చేస్తున్నానండీ అనేది, సరే అనేవాడు, ఇద్దరికీ హాయి. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు ఉంటే చాలు అనుకునేది, ఎవరి సొమ్మూ దొంగిలించడం లేదు కదా, నా ఊపిరే కదా.

ఎందుకు ఉండాలనిపించదు, ఫోను మోగితే చాలు తెలిసిపోయేది ఎందుకో. అక్కా ఎలా ఉన్నావు, గ్యాసు సిలిండరు విప్పే రెంచి ఎక్కడ పెట్టావు. వదినా ఎలా ఉన్నావు, నీలం కోటు మీద సిరా పోవడానికి ఏం రాయాలి. ఏమోయ్ ఎలా ఉన్నావు, అమ్మ మాత్రల్లో తెల్లవి పొద్దున్నవా రాత్రివా. అందరూ ముందు ఎలా ఉన్నావనే అడుగుతారు, ఒక్కరూ మరిచిపోరు, తలుపు తట్టి లోపలికొచ్చినట్టు, తట్టింది జవాబు కోసమా ఏమన్నానా. రెంచి బియ్యం డబ్బా వెనక ఉంది, సిరాకి ముందు పాలు అద్దమను, తెల్లవి రాత్రి, అని చెప్తూ చెప్తూ ఉంటే పడుకున్నచోటే ఆయాసం వచ్చేది. ఆపరేషన్‌కి ముందురోజు చెల్లెలు వచ్చింది, గ్రంథాలయంలో ఉద్యోగం, పెళ్ళి చేసుకోలేదు, రెండు గదుల ఇల్లు, అందులో అలారం ఎన్నింటికి మోగాలో కూడా దాని ఇష్టమే, అది మంచం మీద కూర్చుని, అక్కా, ఇక్కణ్ణుంచి తిన్నగా నా దగ్గరికి వచ్చెయ్యి, గది ఖాళీ చేశాను, అంది. వీల్లేదే, అత్తయ్యనెవరు చూస్తారు, అంది ఈమె, ఆలోచించకుండానే అంది, నోటికి అలవాటైన జవాబు, చెల్లెలు గోడకేసి చూసి కాళ్ళు ఊపుకుంది, చిన్నప్పట్లాగే.

దొంగతనం మూడో కంటికి తెలియకపోయినా ఊపిరితిత్తికి తెలిసింది. నిన్న సాయంత్రం వణుకు, ఆ పైన జ్వరం, తెల్లవారేసరికి ఎడమ పక్కటెముకల కింద తడి గుడ్డ కుక్కినట్టు బరువు. భయమేసి, డబ్బాను దుప్పటి కిందనుంచి తీసి, ఎవరూ చూడకముందే, నిలువుగా పెట్టి, నిజంగా, దేవుడి మీద ఒట్టుగా నిజంగా పీల్చింది. బంతులు కదల్లేదు. మొదటి బంతి ఒక్కసారి వణికి ఊరుకుంది. మళ్ళీ పీల్చింది, కళ్ళు చీకట్లు కమ్మాయి, బంతులు మాత్రం అడుగున కూర్చుని ఉన్నాయి, ఇన్నాళ్ళూ మమ్మల్ని ఆడించావు, ఇప్పుడు ఆడించు చూద్దాం అన్నట్టు. అబద్ధమాడీ ఆడీ నిజం చెప్పబోతే నోరు తిరగని మనిషిలా అయిపోయింది ఆమె పని. అలిసిపోయింది. నటించి అలిసిపోయింది, నటించనందుకూ అలిసిపోయింది, ఈ అలసట ఇవాళ్టిది కాదు, ఆపరేషన్‌దీ కాదు, ఇది ఇస్త్రీబల్ల దగ్గర ఎప్పుడో మొదలై పేరుకుంటూ వచ్చినది, కోసి చూసినప్పుడు డాక్టర్లకు కనిపించి ఉంటుందా, కనిపించినా దానికి వాళ్ళ దగ్గర కుట్టు ఎక్కడుంది.

తెర పక్కకు జరిగింది. వచ్చినావిడ లావుగా, నడివయసులో ఉంది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, గుండె వినే గొట్టం చెవుల్లోంచి మెడలోకి జార్చుకుని, ఒక చెప్పులోంచి మడమ బయటికి తీసి నేలకేసి రుద్దుకుంటూ నిలబడింది. ఆవిణ్ణి వార్డులో అందరూ దగ్గు టీచరమ్మ అంటారని, ఇవాళే సెలవు నుంచి తిరిగొచ్చిందని పక్క మంచం పెద్దాయన చెప్పాడు.

"పీల్చండమ్మా" అంది టీచరమ్మ.

ఆమె పైపు నోట్లో పెట్టుకుంది. చెయ్యి అలవాటు కొద్దీ డబ్బాను ఒరిగించింది. టీచరమ్మ చూపుడువేలితో డబ్బాను నిలబెట్టింది. బంతులు కదల్లేదు.

"ఎప్పట్నుంచీ ఇలా వంచి పీలుస్తున్నారు?"

ఆమె పైపు నోట్లోంచి తీసి గౌనుకు తుడిచింది.

"సరే, దిండు పట్టుకోండి. దగ్గండి."

ఖళ్, అంది ఆమె.

"ఇది దగ్గు కాదమ్మా. పెద్దమనిషి వస్తున్నాడు తప్పుకోండి అని చెప్పడం."

నవ్వొచ్చింది ఆమెకు, నవ్వితే ఎముక తీగలు లాగాయి, కళ్ళ నీళ్ళు తిరిగాయి, అవి నవ్వువో నొప్పివో టీచరమ్మ కాసేపు చూసింది. తెర బిగించి, మంచం అంచున కూర్చుంది, కూర్చోకూడదు కాబోలు, అటూ ఇటూ చూసి కూర్చుంది. నొప్పికి భయపడి చెయ్యనివాళ్ళను రోజూ చూస్తాను, మీది ఆ భయం కాదు, అంది, గొంతు తగ్గించింది.

"ఇంట్లో కొడతారా?"

"అయ్యో, రామ... కొట్టడమేంటమ్మా" అంది ఆమె, ఒక్కో మాటకూ ఆగుతూ. "మంచివాళ్ళు. చాలా మంచివాళ్ళు. ఒక్కరికీ... కాళ్ళూ చేతులూ లేవు, అంతే."

"మరి?"

"పని" అంది. ఇంకేదో చెప్పాలని ఉంది, మెట్ల గురించి, ఏమేవ్ గురించి, ఊరికే పడుకోండి అన్న నర్సు గురించి, అంత గాలి లేదు. ఆ ఒక్క మాటా బయటికొచ్చి ఇద్దరి మధ్యా పడి ఉంది.

టీచరమ్మ జాలిపడుతుందనుకుంది. జాలి పడలేదు, కోప్పడింది. "చూడండమ్మా, ఈ వార్డు నిండా గాలి అందక కొట్టుకుంటున్నవాళ్ళున్నారు. మీరేమో అందేదాన్ని వద్దని తోసేస్తున్నారు. ఇంటికి పోనంటే పోనని నోటితో చెప్పాలి, ఊపిరితిత్తులతో చెప్తే ఎలా? అవి మూసుకుంటే ఇల్లూ ఉండదు, ఆస్పత్రీ ఉండదు." అని, మడమ మళ్ళీ రుద్దుకుని, "నాకూ ఉంది ఇల్లు" అంది, ఇంకేమీ వివరించలేదు.

తర్వాత ఆవిడ రెండు చేతులూ ఆమె పక్కటెముకల అడుగున పెట్టింది, గౌను మీదనుంచే, వెడల్పాటి వెచ్చటి చేతులు, ఊపిరి ఇక్కడికి పంపండి, పైకి కాదు, భుజాలు ఎత్తకండి, ఇక్కడికి, నా చేతుల్ని బయటికి తొయ్యండి, ముక్కుతో, నిదానంగా, పువ్వు వాసన చూసినట్టు. ఆ చేతుల కింద ఆమెకు మొదట ఏమీ తెలియలేదు, ఊపిరి ఎక్కడికో బయల్దేరి గొంతు దగ్గరే కూలబడుతోంది, మెట్టు మీద తను కూలబడినట్టే. మళ్ళీ, అంది టీచరమ్మ. ఈ చోట తనను ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్ళయిందో, ముట్టుకుని ఏమీ అడక్కుండా, ఇది ఎక్కడుంది అది ఎక్కడ పెట్టావు అనకుండా, ఊరికే చేతులు పెట్టి ఎదురుచూడటం, ఎప్పుడో ఒక దుప్పటి కింద ఇద్దరు ఆడపిల్లలు, తనూ చెల్లెలూ, అమ్మ పనికి పిలుస్తుంటే ఊపిరి బిగబట్టి దాక్కునేవాళ్ళు, చెల్లెలి చెయ్యి తన పొట్ట మీద, తన చెయ్యి చెల్లెలి పొట్ట మీద, ఎవరిది ముందు కదిలితే వాళ్ళు ఓడినట్టు, చెల్లెలికి ఎప్పుడూ ముందు నవ్వొచ్చేసేది, దొరికిపోయేవాళ్ళు, దొరికాక మాత్రం లేచి వెళ్ళేది పెద్దదే, చిన్నది దుప్పటిలోనే ఉండేది, అప్పుడు మొదలైన లేవడం. మళ్ళీ, అంది టీచరమ్మ. ఈసారి ఊపిరి మెడ దాటింది, రొమ్ముఎముక వెనకనుంచి బిగుతు కోటుకు కుట్టు పిగిలినట్టు ఓ నొప్పి, దాన్ని కూడా దాటింది, ఎడమవైపు అడుగున ఆ చెయ్యి ఒక్క పిసరు కదిలింది. అక్కడ ఎక్కడో లోపల, చాలా లోపల, ఏదో గరగరమంది.

"అదిగో, అదే. దాన్నే బయటికి తేవాలి. ఆగకండి."

అప్పుడే వచ్చాడాయన. చూడనిచ్చే వేళ అయింది కాబోలు, చేతిలో పాల ఫ్లాస్కు, తెర సందులోంచి తల పెట్టి, టీచరమ్మను చూసి ఆగి, రావచ్చనుకుని వచ్చాడు. ఆయన చొక్కాను ఆమె కళ్ళు వాటంతటవే చూశాయి, చేతి మీద రెండు మడతగీతలు పడ్డాయి, జేబు పక్కన ఇస్త్రీపెట్టె ఎక్కువసేపు ఆగిన గోధుమరంగు మచ్చ, స్వయంగా చేసుకున్నట్టున్నాడు, గడ్డం కూడా సరిగ్గా గీసుకోలేదు, మనిషి తగ్గాడు.

"ఏమోయ్, ఎలా ఉన్నావు? అమ్మ పొద్దున్నించీ ఒకటే గోల, ఆ రెండో దుప్పటి ఎక్కడుందో..."

మామూలుగా అయితే ఇలాంటి మాట చెప్పాలంటే ఆమె ముందు ఎంత పరుస్తుంది, అది కాదండీ, మీరేం అనుకోనంటే, నాకూ తెలుసు మీకు కష్టమని, కొన్నాళ్ళేనండీ, అత్తయ్య ఏమనుకుంటారో గానీ, అని మెత్తలు పరిచి పరిచి, ఆ మెత్తల మధ్య అసలు మాట ఎక్కడో జారిపోయి, చివరికి సరేలెండి అని తనే సర్దుకుంటుంది, ఇన్నేళ్ళూ జరిగింది అదే. ఇప్పుడు అన్ని మాటలకు ఊపిరి లేదు. ఉన్న ఊపిరికి ఒక్క మాటే పడుతుంది, ఆ ఒక్కటి ఏదో ఏరుకోవాలి. ఏరుకుంది.

"ఇంటికి రాను."

ఆయన ఫ్లాస్కు బల్ల మీద పెట్టబోతూ ఆగాడు. "ఏంటీ?"

"చెల్లి దగ్గరికి... పోతాను."

"అదే, డాక్టరు పంపించాక ఓ రెండ్రోజులు..."

"రెండ్రోజులు కాదు."

"మరి ఎన్నాళ్ళు?"

"తెలీదు."

ఆయన టీచరమ్మ వైపు చూశాడు, ఈ మాటలు మందుల వల్లనా అన్నట్టు. టీచరమ్మ తన చేతులు తీయలేదు, పక్కటెముకల మీదే చూపు పెట్టుకుంది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకున్నాడు, మూత తిప్పాడు, మళ్ళీ బిగించాడు.

"నేనేమన్నా అన్నానా నిన్ను?" అన్నాడు.

"అన్లేదు."

"అమ్మ అందా?"

"ఎవరూ అన్లేదు." ఊపిరి తెచ్చుకుంది. "అలిసిపోయానండీ."

ఆ మాట ఆయన ఇంతకుముందు విన్నాడు, రోజూ విన్నాడు, అలిసిపోయానమ్మా అని ఇస్త్రీపెట్టె కొక్కేనికి తగిలిస్తూ ఎవరితోనూ కాకుండా అనేది, అది కూడా దుకాణం చప్పుళ్ళలో ఒకటి. ఇప్పుడు మాత్రం ఆయన మొహంలో ఏదో జరిగింది, ఏమిటో ఆమెకు చూసే వ్యవధి లేకపోయింది, ఎందుకంటే ఆ గరగర లోపల్నుంచి లేచింది, ఎవరి అనుమతీ లేకుండా, పొట్ట అడుగునుంచి, దగ్గు వస్తోంది, అసలు దగ్గు.

"దిండు, దిండు పట్టుకోండి! గట్టిగా!" అంది టీచరమ్మ, ఆమె చేతులకు బలం చాలలేదు, దిండు జారింది, ఆయన ఫ్లాస్కును నేలమీదికి దొర్లించేసి లేచి, ఒక చెయ్యి వీపు మీద, ఒక చెయ్యి దిండు మీద పెట్టి ఆమె రొమ్ముకేసి అదిమాడు, అదిమితే నొప్పి పెడుతుందేమోనని భయం, అదమకపోతే విడిపోతుందేమోనని భయం, ఆ రెండు భయాలూ ఆయన చేతుల్లోంచి ఆమెకు తెలుస్తూనే ఉన్నాయి. దగ్గింది. ప్రపంచం రెండుగా చీలింది. మళ్ళీ దగ్గింది, తీగలన్నీ ఒక్కసారి పాడినట్టయింది, చచ్చిపోతున్నాననుకుంది, చచ్చిపోవడం ఇంత కష్టమైన పని కాదేమో అనుకుంది, ఇంకొక్కటి అంటోంది టీచరమ్మ, ఇంకొక్కటి, వస్తోంది, వదలకండి, అప్పుడు గొంతు వెనకనుంచి ఉప్పగా, బరువుగా, తుప్పు రంగులో ఒక గడ్డ నోట్లోకొచ్చింది. టీచరమ్మ పళ్ళెం కోసం చెయ్యి చాచేలోపే ఆయన తన అరచెయ్యి పట్టాడు. పట్టి, చూసి, మొహం తిప్పుకోలేదు.

తర్వాత ఊపిరి లోపలికి పోయింది. పోయి, ఇన్నాళ్ళూ మూసి ఉన్న గదికి ఎవరో తలుపు తీసినట్టు, చల్లగా, కిందిదాకా పోయింది. ఆనందమేమీ కలగలేదు. వెనక్కి వాలిపోయింది, చెమటకు గౌను ఒంటికి అంటుకుపోయింది, కాళ్ళు ఎవరివో అన్నట్టున్నాయి. టీచరమ్మ వీపున చల్లటి బిళ్ళ ఆనించి విని, ఇంకోచోట ఆనించి విని, గాలి దిగుతోంది, పూర్తిగా కాదు, కొంచెం కొంచెంగా దిగుతోంది, సాయంత్రం ఫిల్ములో కనబడుతుంది, గొట్టం అక్కర్లేదనే నా నమ్మకం, ఈలోపల ఇలాంటివి ఇంకా చాలా దగ్గాలి, నేను మధ్యాహ్నం వస్తాను, దొంగ దగ్గులు దగ్గారో తెలుస్తుంది నాకు, అంది, అని ఆయన చేతికి ఓ గుడ్డ ఇచ్చి, చెప్పులో మడమ దూర్చుకుని, తెర అవతలికి వెళ్ళిపోయింది.

ఆయన చెయ్యి తుడుచుకుంటుండగా ఆయన జేబులో ఫోను మోగింది. ఎవరో చూడక్కర్లేదు, ఎత్తకముందే గొంతు వినబడినంత పనైంది. తోటికోడలు నంబరు నొక్కి ఇచ్చినట్టుంది. ఆయన, ఆ, ఉన్నానమ్మా, ఇక్కడే ఉన్నాను, దుప్పటి సంగతి ఇంకా అడగలేదు, అన్నాడు. ఆగాడు. భార్య వైపు చూశాడు, తల దించుకున్నాడు. అది ఇంటికి రానంటోందమ్మా, అన్నాడు. అవతల ఏం వచ్చిందో, మళ్ళీ ఆగి, నాకేం తెలుసు, నువ్వే మాట్లాడు, అని ఫోను తెచ్చి ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు, ఆమె చేతులు ఎత్తే స్థితిలో లేవని చూసి తనే పట్టుకున్నాడు.

"ఏమేవ్" అంది అత్తగారు. పైనుంచి పిలిచిన పిలుపే, అలవాటుకు ఆమె కాళ్ళు దుప్పటి కింద కదిలాయి. "రావటగా?"

"రాను అత్తయ్యా."

"నా మీద కోపమా?"

"లేదు అత్తయ్యా. ఓపిక లేదు."

తిడుతుంది ఇప్పుడు, అనుకుంది, తిట్టనీ, తిట్టించుకోవడానికి గాలి అక్కర్లేదు. ఏడుస్తుందేమో, ఏడిస్తే మాత్రం కష్టం, ఏడిస్తే ఇప్పటిదాకా ఏరుకున్న మాటంతా కరిగిపోయేట్టుంది, తనకు తన సంగతి తెలుసు. కిటికీ బయట ఆస్పత్రి ఆవరణలో ఎవరో బండి వెనక్కి తీస్తున్నారు, ఇంకొంచెం, ఇంకొంచెం, అని అరుస్తున్నారు.

"నాకూ పోవాలనే ఉంటుందే" అంది అత్తగారు. ఆ గొంతు ఎప్పుడూ వినని గొంతు, చిన్నది, పైగది నుంచి కిందికి వినబడేది కాదు. "కిటికీలోంచి బస్సులు కనబడతాయి కదా. పొద్దస్తమానం చూస్తుంటాను. దేన్నో ఒకదాన్ని ఎక్కేసి, ఎటైనా సరే... కాళ్ళుంటే నీకంటే ముందు నేనే పోయేదాన్ని. మీ మామయ్య ఉండగానే పోయేదాన్ని."

ఇన్నేళ్ళు ఆమె ఎక్కిన మెట్ల పైన, ఎక్కినప్పుడల్లా ఆ గదిలో, కిటికీకేసి తిప్పి ఉన్న ఆ తలను చూసింది, దిండు సరిచేసింది, మాత్ర ఇచ్చింది, దిగిపోయింది.

"సరే, పో" అంది అత్తగారు. "ఆ దుప్పటెక్కడుందో వెతుక్కుంటార్లే."

ఫోనులో అత్తగారి ఊపిరి వినబడుతోంది, ముసలి ఊపిరి, ముక్కులో చిన్న ఈలతో. ఈమె ఊపిరి కూడా అవతల వినబడుతూనే ఉండి ఉంటుంది, తడిగా, ఆగి ఆగి, లోపలికి పోయినంత మేరా పోయి తిరిగొస్తూ. ఫోను పెట్టేయమని ఎవరూ అనలేదు. ఆయనకు చెయ్యి నొప్పి పుట్టింది కాబోలు, స్టూలును మంచానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకుని, ఫోనును రెండో చేతికి మార్చుకున్నాడు.